అరువిచ్చిన గొంతు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మనిషి గొంతుతో ఇంకో మనిషికి ఉద్యోగం వచ్చింది. గొంతు మా నాన్నది. ఉద్యోగం బాబాయిది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లో, పదో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడు లిఫ్టులో పిల్లలు నన్ను ఆంటీ అని పిలిచి పక్కకు జరుగుతున్నారు, నాన్నకు డెబ్బై దాటాయి. అయినా ఆ రోజుల్లో ఒక్కటీ నేను మర్చిపోలేదు.

బాబాయి అంటే నాన్నకు సొంత తమ్ముడేమీ కాడు. యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు. కనిపించిన ప్రతివాళ్ళనీ అంకుల్ అనే ఊళ్ళో ఆయన ఒక్కడే నాకు బాబాయి. నాన్న లెక్కలు చదివి కంప్యూటర్లలోకి వచ్చాడు. బాబాయి ఇంగ్లీషు సాహిత్యం చదివి ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఆ కాలేజీ కాస్తా మూతపడింది. రెండువేల సంవత్సరం రాబోతున్న కాలం అది. తారీఖు మారగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తికమకపడిపోతాయనీ, వాటిని సరిచేసేవాళ్ళు కావాలనీ ఒకటే గోల. చరిత్ర చదివినవాళ్ళూ, వ్యవసాయం చదివినవాళ్ళూ అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసి విమానం ఎక్కేస్తున్నారు. బాబాయి కూడా ఒక సూట్‌కేసుతో మా ఇంట్లో దిగాడు. హాల్లో సోఫా పక్కన చాప పరుచుకుని పడుకునేవాడు.

ఉద్యోగం దొరకని ఆ రెండు నెలలూ నన్ను స్కూలు నుంచి తీసుకురావడం ఆయన పని. ఆ దారిలోనే నాకు గ్రీకుల యుద్ధకథ చెప్పాడు. సముద్రం ఒడ్డున గుడారాలు వేసుకుని, పదేళ్ళపాటు ఒక నగరాన్ని ముట్టడించిన వీరుల కథ. ఆ పేర్లకు నాకు నోరు తిరిగేది కాదు. అందుకని వాళ్ళందరిలోకీ గొప్ప వీరుడికి కోపిష్టి అనీ, అతని ప్రాణస్నేహితుడికి నేస్తం అనీ నేనే పేర్లు పెట్టేశాను. పాపం, బాబాయి ఆ పేర్లతోనే కథ నడిపించాడు. అంత సాహిత్యం చదివిన మనిషికి అది ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది.

కోపిష్టిని సేనానాయకుడు నలుగురిలో అవమానించాడు. ఇక యుద్ధం చెయ్యనని అతను గుడారంలో కూర్చున్నాడు. శత్రువులు ఓడల దాకా వచ్చి నిప్పు పెడుతున్నా లేవలేదు. అప్పుడు నేస్తం ఏడుస్తూ వచ్చి, నువ్వు రాకపోతే పోనీ, నీ కవచం నాకివ్వు, అందులో నన్ను చూసి నువ్వే వచ్చావనుకుని పారిపోతారు అన్నాడు. కోపిష్టి ఇచ్చాడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఓడల దగ్గర నుంచి వాళ్ళని తరిమేసి వెనక్కి వచ్చెయ్, నగరం గోడ దాకా మాత్రం వెళ్ళకు అన్నాడు. నేస్తం కవచం తొడుక్కున్నాడు, కత్తి కట్టుకున్నాడు, ఈటె ఒక్కటీ అక్కడే వదిలేశాడు. దాన్ని ఎత్తడం కోపిష్టికి తప్ప ఎవరి వల్లా అయ్యేది కాదు.

అక్కడికి వచ్చేసరికి మా బ్లాకు వచ్చేసింది. మిగతాది తర్వాత చెబుతానన్నాడు బాబాయి. మర్నాడు ఫోను ఇంటర్వ్యూ ఉంది.

అప్పట్లో మన వాళ్ళలో అదొక మామూలు వ్యవహారం. మేనేజరు ఇంకో దేశంలో ఉంటాడు. మనిషి ముఖం చూడడు, ఫోన్లోనే ప్రశ్నలు వేస్తాడు. పని తెలిసినవాడు, తెలియనివాడి పేరు తన పేరుగా చెప్పుకుని జవాబులిస్తాడు. ప్రాక్సీ అనేవాళ్ళు దాన్ని. సాయం అనే అనుకునేవాళ్ళు, తప్పని ఎవరికీ తోచేది కాదు. ఈ రోజు నీకు నేను, రేపు ఇంకొకడికి నువ్వు. నాన్న మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. బాబాయి మూడుసార్లు అడిగాడు. మూడోసారి ఆయన కళ్ళల్లో నీళ్ళు చూశాక నాన్న సరేనన్నాడు. ఇక్కడ ఉండడానికి ఇచ్చిన గడువు ఇంకో వారంలో అయిపోతోంది, ఊళ్ళో తండ్రి ఒక్కడే ఉన్నాడు. కాదనడానికి నాన్నకు మనసు రాలేదు.

మర్నాడు నేను అమ్మతో స్కూలు నుంచి వచ్చేసరికి నాన్న సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ స్టవ్ కట్టేసింది, ఫ్యాను ఆపేసింది, నోరు మెదిపావంటే చంపేస్తానని నన్ను ఫ్రిజ్ పక్కన నిలబెట్టింది. నాన్న సోఫాలో కూర్చున్నాడు. బాబాయి నేల మీద, నాన్న మోకాలికి ఆనుకుని కూర్చున్నాడు. ఫోను మోగింది. నాన్న ఎత్తి, బాబాయి పేరు తన పేరుగా చెప్పాడు.  నాన్న అక్కడే ఉన్నాడు, నాన్న గొంతే అది, కానీ ఆ పేరుగల మనిషి నేల మీద కూర్చుని నోరు మూసుకుని ఉన్నాడు.

కంప్యూటర్ల ప్రశ్నలకు నాన్న మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా జవాబులు చెప్పాడు. చివర్లో అవతలి మనిషి, పని పూర్తి కాకుండా టైమైపోతే ఏం చేస్తావని అడిగాడట. నాన్న బాబాయి వంక చూశాడు. తర్వాత నెమ్మదిగా ఇంగ్లీషులో, బాబాయి తండ్రి గురించి, తన తండ్రే అన్నట్టు చెప్పాడు. మా నాన్న కాలువ లాకుల దగ్గర లస్కరు. తలుపులెత్తి పొలాలకు నీళ్ళు వదిలే పని. వదిలేసి ఊరుకోడు. గట్టు వెంట సైకిలు మీద వెళ్ళి, చివరి పొలానికి నీళ్ళు చేరాయని కళ్ళారా చూశాకే ఇంటికి వస్తాడు. నేను ఆయన కొడుకుని.

అది నాన్న కల్పించింది కాదు. హాస్టల్ రోజుల్లో బాబాయి తన తండ్రి గురించి వందసార్లు చెప్పుకున్న సంగతే. బాబాయి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడ్చాడు. రెండు రోజుల్లో ఉద్యోగం వచ్చింది.

ఆ ఆనందంలో నా కథ సంగతి అందరూ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. ఉద్యోగంలో చేరే ముందురోజు దారిలో, సింగపూర్ పిల్లల్లా మాట చివర లా తగిలించి, బాబాయి తల తినేశాను.

"ఆ నేస్తం కమ్ బ్యాక్ ఆర్ నాట్? ప్రాపర్‌గా చెప్పు లా బాబాయ్."

ఆయన నా స్కూలు బ్యాగు ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"వచ్చాడమ్మా," అన్నాడు. "కవచం మీద ఒక్క గీత కూడా పడలేదు. తీసుకొచ్చి స్నేహితుడికి ఇచ్చేశాడు."

పదేళ్ళు నడిచిన యుద్ధానికి ఇంత చప్పటి ముగింపు ఏమిటని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఆయన సరిగ్గా చెప్పలేదనుకున్నాను. పెద్దవాళ్ళు పిల్లల కోసం కథ మారుస్తారని తెలుసు గానీ, తమ కోసం కూడా మార్చుకుంటారని అప్పటికి నాకు తెలియదు.

నాన్న కూడా ఒక షరతు పెట్టాడు. మూడు నెలలు తల వంచుకుని ఇచ్చిన పని చెయ్, తెలియనిది ఇంటికి పట్టుకురా, నేను చెబుతాను, ముందుకు మాత్రం పడకు అన్నాడు. మొదటి నెల అలాగే గడిచింది. అయితే లస్కరు మాట ఆ మేనేజరు మనసులో ఉండిపోయింది. పైగా బాబాయికి వచ్చినంత ఇంగ్లీషు అక్కడ ఎవరికీ రాదు. మీటింగుల్లో మాట్లాడమన్నారు. తర్వాత మొత్తం పని నీ మీద వేసుకోమన్నారు. బాబాయి తలూపి వచ్చాడు. నాన్న మొట్టమొదటిసారి ఆయన మీద గొంతెత్తాడు.

"ఎందుకొప్పుకున్నావురా? నీకు వచ్చిందెంత?"

"వాళ్ళు అడిగింది నన్ను కాదురా," అన్నాడు బాబాయి. "లాకుల లస్కరు కొడుకుని అడిగారు. నావల్ల కాదని ఎలా చెప్పను?"

అప్పటి నుంచీ ఆయన చిక్కిపోవడం మొదలుపెట్టాడు. అన్నం కలుపుకుని అలాగే కూర్చునేవాడు. కథలు మానేశాడు. ఆదివారం మధ్యాహ్నం సోఫాలో కునుకు పట్టినప్పుడు నిద్రలోనే ఇంగ్లీషులో జవాబులు చెప్పేవాడు. భయంకరమైన విషయం ఏమిటంటే, ఆ మాటల తీరు నాన్నది. నాన్న ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటాడో అక్కడే ఆగేవాడు. నేను బొమ్మలు వేసుకుంటున్నదాన్నల్లా లేచి వంటింట్లోకి అమ్మ దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని.

ఐదో నెలలో ఒక ఉదయం ఆయన ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. లిఫ్టు దగ్గర పడిపోయాడట. నాన్న ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. గుండెలో పుట్టుకతోనే లోపం ఉందనీ, ఎక్కడ ఉన్నా ఇది జరిగేదేననీ డాక్టరు చెప్పాడట. నాన్న తలూపి విన్నాడు. ఒక్క ముక్క కూడా నమ్మలేదు.

కొరివి పెట్టింది నాన్నే. అస్థికల కోసం బాబాయి తండ్రి మూడు వారాల తర్వాత వస్తానన్నాడు. ఆ తారీఖుకి టికెట్ ముందే ఉంది. సింగపూర్ చూపిస్తానని బాబాయే తండ్రికి పాస్‌పోర్టు తీయించి కొని పంపిన టికెట్ అది. అస్థికల కుండ ఇంట్లోకి తేకూడదు. మన ఊళ్ళో అయితే బయట చెట్టుకు కడతారు. పదో అంతస్తులో చెట్టెక్కడిది? నాన్న దానికి కొత్త గుడ్డ చుట్టి, తలుపు బయట కారిడార్‌లో, బట్టల తాడు కట్టే కొక్కేనికి వేలాడదీశాడు. ఎవరైనా గొడవ చేస్తారేమోనని అమ్మ బిక్కుబిక్కుమంటూ ఉంది. ఎదురింటి చైనీస్ ఆంటీ ఏమిటని కూడా అడగలేదు. మర్నాడు చూస్తే దాని కింద రెండు నారింజపళ్ళు పెట్టి ఉన్నాయి.

ఆ మూడు వారాలూ స్కూలుకి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి నేను ఆ కుండ కింద నుంచి నడిచాను. గాలికి అది కొంచెం ఊగేది. తలెత్తి చూడకూడదనుకునేదాన్ని, చూసేదాన్ని. అప్పుడే స్కూలు లైబ్రరీలో పిల్లల కోసం రాసిన ఆ గ్రీకుల కథ దొరికింది. అక్కడే నిలబడి చదివాను. నేస్తం తిరిగి రాలేదు. కవచం తొడుక్కోగానే అతనికి ఎక్కడలేని బలం వచ్చినట్టు అనిపించి, షరతు మర్చిపోయి, గోడ దాకా వెళ్ళి చచ్చిపోయాడు. కోపిష్టి దుమ్ములో పడి పొర్లి ఏడ్చాడు. తర్వాత పగతో శత్రువుల యువరాజుని చంపాడు. ఆ యువరాజు తండ్రి, ముసలి రాజు, శవం కోసం ఒంటరిగా శత్రువు గుడారానికి వచ్చాడు. వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, కొడుకుని చంపిన చేతుల్నే ముద్దుపెట్టుకున్నాడు.

నేను పుస్తకం టక్కున మూసేశాను. ఎందుకంటే మా ఇంటికీ ఒక ముసలాయన వస్తున్నాడు.

ఆయన వచ్చే ముందు సాయంత్రం అమ్మానాన్నా వంటింట్లో వాదించుకున్నారు. ఇప్పుడు చెబితే ఎవరికి మేలు అంటుంది అమ్మ. పోయినవాడు రాడు, ఆ పెద్దాయనకి కొడుకు గొప్పగా బతికాడన్న తృప్తి ఒక్కటీ మిగిలింది, అది కూడా లాక్కుంటావా? పైగా ఈ మాట బయటికి పొక్కితే నీ ఉద్యోగం ఉంటుందా, ఈ దేశంలో మనని ఉండనిస్తారా? నాన్న కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాడు. ఏం చేస్తాడో నాకు అర్థం కాలేదు. చెప్పకపోతే బాగుండుననీ అనిపించింది, చెప్పకపోతే ఇక నాన్న గొంతు వినలేననీ అనిపించింది. రెండూ నిజమే.

బాబాయి తండ్రి నాకు తాతయ్య. పొట్టి మనిషి. నల్లగా, ఎండకి ఎండిన శరీరం. పంచె మీద ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు. విమానాశ్రయం నుంచి నాన్నతో వచ్చాడు. కారిడార్‌లో కుండ దగ్గర ఆగాడు. ఏడవలేదు, ముట్టుకోనూ లేదు. లోపలికొచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు పక్కన పెట్టి నాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మావాణ్ణి నిలబెట్టావు బాబూ. నువ్వు లేకపోతే వాడికి ఈ ఊరెక్కడిది, ఈ ఉద్యోగమెక్కడిది?" అని ఆ చేతుల్ని కళ్ళకద్దుకున్నాడు. "ఫోన్లో అంత దొరగారితో గడగడా మాట్లాడాడంట కదా. ఉత్తరం రాశాడు. ఊరంతా చదివి వినిపించాను."

 ఫ్రిజ్‌కి అతుక్కుపోయి నిలబడ్డాను. వంటింటి గుమ్మంలోంచి అమ్మ నాన్న వంక చూసి తల అడ్డంగా ఊపింది.  నాన్న మెల్లిగా తన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"మాట్లాడింది వాడు కాదు పెదనాన్నా," అన్నాడు. "నేను. వాడి పేరు చెప్పి నేను మాట్లాడాను. నన్ను చూసి ఇచ్చిన పని వాడు మొయ్యాల్సి వచ్చింది. నేను ఒప్పుకోకపోతే వాడు ఉండేవాడు."

 తాతయ్య లేచి బయటికి వెళ్ళాడు. కిటికీ ఊచల్లోంచి కనిపిస్తున్నాడు. కుండ కింద నిలబడి దాని గుడ్డ అంచు వేళ్ళతో పట్టుకుని ఉన్నాడు. ఇక లోపలికి రాడు, అటునుంచి అటే వెళ్ళిపోతాడు అనుకున్నాం. అమ్మ గోడకి ఆనుకుని కూలబడింది. నాన్న కదల్లేదు.

తాతయ్య తిరిగి వచ్చి అదే చోట కూర్చున్నాడు.

"ఏం చెప్పావు?" అన్నాడు.

నాన్నకి అర్థం కాలేదు.

"నా కొడుకునని చెప్పి ఏమేం చెప్పావు ఫోన్లో? అది చెప్పు నాకు."

నాన్న బాబాయి పేరు తన పేరుగా మళ్ళీ చెప్పాడు. ఈసారి తెలుగులో. మా నాన్న కాలువ లాకుల దగ్గర లస్కరు అన్నాడు. గట్టు వెంట సైకిలు మీద వెళ్ళి, చివరి పొలానికి నీళ్ళు చేరాయని కళ్ళారా చూశాకే ఇంటికి వస్తాడు అన్నాడు. చివరికి, నేను ఆయన కొడుకుని అన్నాడు. తాతయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక, మళ్ళీ చెప్పు అన్నాడు. నాన్న మళ్ళీ చెప్పాడు. ఆ కాసేపూ చనిపోయిన మనిషి మా హాల్లో కూర్చుని తండ్రితో మాట్లాడినట్టే ఉంది. నేను భయంతో నాన్న పెదాలనే చూస్తూ ఉన్నాను, అది నాన్నేనని నాకు నేను చెప్పుకోవడానికి.

"నాతో ఎప్పుడూ అనలేదు వాడు," అన్నాడు తాతయ్య. "వాడికి గుర్తుందని కూడా నాకు తెలీదు."

"హాస్టల్లో ఎప్పుడూ ఇదే చెప్పేవాడు పెదనాన్నా."

తాతయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"పెద్ద మాట పెట్టావబ్బాయ్ వాడి నెత్తిన. నేనే అన్నిరోజులూ వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేక, లాకులెత్తేసి ఇంటికొచ్చి పడుకున్న రోజులు చాలా ఉన్నాయి. చివరి పొలం వాళ్ళు తిట్టుకునేవాళ్ళు. వాడు చిన్నోడు, వాడికెవరు చెబుతారు?"

 ఆ గుడారంలో ముసలి రాజూ కోపిష్టీ ఎదురెదురుగా కూర్చుని ఏడ్చారని పుస్తకంలో ఉంది. ఒకడు కొడుకు కోసం, ఒకడు స్నేహితుడి కోసం. మా హాల్లోనూ అదే జరిగింది. నిజం చెప్పాలంటే పుస్తకంలో చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇక్కడ వచ్చింది.

ఏడుపు అయ్యాక తాతయ్య నాన్నని క్షమించానని అనలేదు. నీ తప్పు లేదనీ అనలేదు. "నువ్వూ రా నాతో," అన్నాడు. "వాడి పేరు చెప్పినవాడివి. నువ్వే నీళ్ళలో కలుపు. నా చేతులు ఆగవు." నాన్న వస్తానన్నాడు. అప్పుడు తాతయ్య అమ్మ వైపు తిరిగి, ఏమన్నా ఉంటే పెట్టమ్మా అన్నాడు. విమానంలో ఏమీ తినలేదట. అమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటూనే పప్పూ అన్నం పెట్టింది. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా, పక్కపక్కనే కూర్చుని తిన్నారు.

నాన్న ఆయనతో వెళ్ళి, పది రోజుల తర్వాత తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఎంతమంది అడిగినా ఎవరి పేరు మీదా మాట్లాడలేదు. కొందరికి కోపాలు కూడా వచ్చాయి. ఆఫీసుకి మాత్రం ఆయన జరిగింది చెప్పలేదు. చెబితే మేం మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చేది. అందుకని మా నాన్న మహావీరుడని నేను చెప్పుకోను. భయపడాల్సిన చోట భయపడ్డాడు. కానీ తన చేతుల్ని కళ్ళకద్దుకుంటున్న మనిషి నుంచి ఆ చేతుల్ని వెనక్కి తీసుకున్నాడు చూడండి, అది కత్తి పట్టినవాళ్ళు కూడా అందరూ చెయ్యలేరు. స్నేహితుడి పట్ల నమ్మకంగా ఉండడం అంటే ఏమిటో నేను అక్కడే, ఫ్రిజ్ పక్కన నిలబడి నేర్చుకున్నాను.

నాన్న ఇప్పుడు సింగపూర్‌లోనే, సెరంగూన్‌లో మా దగ్గర ఉంటున్నాడు. ఇప్పటికీ ఫోనెత్తి, అవతలివాళ్ళు ఎవరని అడిగితే, తన పేరు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. చెవుడు వచ్చిందేమోనని మా పిల్లలు నవ్వుతారు. నేను నవ్వను. నా పేరు చెప్పే ముందు నేనూ అలాగే ఆగుతాను.